హాల్లో ప్రొజెక్టరు అందంగా అమరాలంటే: తొలి కొలత నుంచి చివరి తీగ వరకు

ఏ ప్రొజెక్టరు కొనాలని అడిగేవారికన్నా, కొన్నదాన్ని హాల్లో ఎలా అమరిస్తే ఎబ్బెట్టుగా కనబడదని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. వారిలో చాలామంది యంత్రం ఇంటికి చేరాకే అడుగుతున్నారు. అప్పటికి గోడలకు రంగు పడి ఉంటుంది, ఫాల్స్ సీలింగు మూసేసి ఉంటారు, తీగ పోవడానికి దారి మిగలదు. అందుకే ఈ మార్గదర్శిని కొనుగోలుకు ముందు దశ నుంచి మొదలుపెడుతున్నాను.

రోజుకు రెండు గంటలు సినిమా చూసే ఇంట్లో మిగిలిన ఇరవై రెండు గంటలూ ప్రొజెక్టరు ఆరిపోయే ఉంటుంది. ఆరి ఉన్నప్పుడు అది గదిలో ఒక వస్తువుగా ఎలా ఒదిగిపోతుందో, వెలిగినప్పుడు కంటికీ చెవికీ తగలకుండా ఎలా తప్పుకుంటుందో, రెండూ కలిపి ఆలోచించాలి. ఈ రెండింటినీ నిర్ణయించేది పెట్టె రంగుకన్నా ముందు దాన్ని ఉంచే చోటు. అందువల్ల నేను ఎవరికైనా చెప్పే వరుస ఇది: ముందు గది, తర్వాత తెర కొలత, తర్వాత చోటు, ఆ చోటుకు సరిపడే యంత్రం చివరన.

1. గదిని కొలిచి కాగితం మీద పెట్టండి

టేపు తీసుకుని హాలు పటం గీయండి. చేతిగీత అయినా ఫరవాలేదు, కొలతలు మాత్రం సెంటీమీటర్లలో కచ్చితంగా ఉండాలి.

రాసుకోవలసినవి:
☐ తెర వచ్చే గోడ నుంచి ఎదుటి గోడ వరకు దూరం
☐ తెర గోడ మీద తలుపులు, కిటికీలు, స్విచ్ బోర్డులు పోగా మిగిలే ఖాళీ వెడల్పు
☐ నేల నుంచి స్లాబు ఎత్తు. ఫాల్స్ సీలింగు ఉంటే దాని ఎత్తు విడిగా
☐ ఫ్యాను రెక్కల ఎత్తు, ఫ్యాను మధ్య నుంచి రెండు గోడలకూ దూరం
☐ సోఫాలో కూర్చున్నప్పుడు కంటి ఎత్తు
☐ ప్లగ్ పాయింట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో

ఫ్యాను కొలతను ఎవరూ తీసుకోరు. మన హాళ్లలో ఫ్యాను సరిగ్గా గది మధ్యలో ఉంటుంది. ప్రొజెక్టరును దాని వెనక స్లాబుకు దగ్గరగా బిగిస్తే కాంతి రెక్కల మధ్య నుంచి పోవలసి వస్తుంది. ఫ్యాను వేయగానే తెర మీద బొమ్మ టపటపా కొట్టుకుంటూ కనబడుతుంది, ఆపితే వేసవిలో కూర్చోలేరు. 120 సెంటీమీటర్ల ఫ్యాను అయితే మధ్య నుంచి ఇరువైపులా 60 సెంటీమీటర్ల మేర రెక్క తిరుగుతుంది. ఆ వలయాన్ని పటంలో గీసి, ఎత్తు పక్కన రాసుకోండి. తర్వాతి నిర్ణయాలన్నీ దాన్ని తప్పించుకునే వెళ్లాలి.

2. తెర పరిమాణాన్ని పాత పేపర్లతో తేల్చుకోండి

16:9 నిష్పత్తిలో 100 అంగుళాల తెర వెడల్పు సుమారు 221 సెంటీమీటర్లు, ఎత్తు 125. అదే 120 అంగుళాలైతే వెడల్పు 266, ఎత్తు 149. అంకెలుగా చదివితే ఈ తేడా చిన్నదిగా అనిపిస్తుంది కానీ గోడ మీద చూస్తే అలా ఉండదు.

పాత దినపత్రికలను అతికించి కచ్చితంగా ఆ కొలతకు ఒక పెద్ద కాగితం తయారుచేయండి. పెయింటర్లు వాడే కాగితపు టేపుతో గోడకు అంటించి రెండు రోజులు అలాగే ఉంచండి. పొద్దున కాఫీ తాగేటప్పుడు, సాయంత్రం దీపాలు పెట్టాక, సోఫా అంచున కూర్చుని చూడండి. పక్కన ఉన్న తలుపు, గోడ గడియారం, కుటుంబ ఫొటోలు దాని ముందు నలిగిపోయినట్టు కనబడితే పరిమాణం తగ్గించాలి. తెరకు రెండు పక్కలా కనీసం 30 సెంటీమీటర్ల ఖాళీ గోడ మిగిలితేనే అది గోడ మీద హుందాగా కూర్చుంటుందని నా అనుభవం.

దూరానికి ఒక లెక్క ఉంది. 100 అంగుళాల తెర మన చూపులో 30 నుంచి 40 డిగ్రీల వెడల్పు ఆక్రమించాలంటే సోఫా దాదాపు 10 నుంచి 13.5 అడుగుల దూరంలో ఉండాలి. తెర కింది అంచు నేల నుంచి 75 – 85 సెంటీమీటర్ల మధ్య ఉంటే, కూర్చున్నవారి కంటి ఎత్తు తెర కింది మూడో వంతులోకి వస్తుంది, మెడ నొప్పి పుట్టదు. అందం కోసమని తెరను టీవీ కన్నా పైకి ఎక్కించేవారు అరగంటలోనే ఆ సంగతి గ్రహిస్తారు.

3. యంత్రం కూర్చునే చోటు

ప్రొజెక్టరు లెన్సుకూ తెరకూ ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేదాన్ని త్రో రేషియో అంటారు. యంత్రం వివరాల పట్టికలో ఇది తప్పక ఉంటుంది, లేకపోతే ఆ యంత్రం కొనవద్దు. ఈ ఒక్క అంకెతో ఏ చోటుకు ఏ యంత్రమో తేలిపోతుంది.

3.1 వెనక గోడకు, ద్వారబంధం ఎత్తులో

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది. మన ఇళ్లలో తలుపులు, కిటికీల పై అంచు సాధారణంగా నేల నుంచి ఏడడుగుల దగ్గర, లింటెల్ గీతకు సమంగా ఉంటుంది. సోఫా వెనక గోడకు అదే గీతలో పొడవాటి చెక్క అరను బిగించి, ప్రొజెక్టరు పక్కన నాలుగు పుస్తకాలో, ఒక కొండపల్లి బొమ్మో పెడితే, యంత్రం ఆ వరుసలో ఒకటిగా కలిసిపోతుంది. కాంతి ఫ్యాను రెక్కలకు బాగా కిందుగా పోతుంది, నడిచేవారి తలకు అడ్డు రాదు, స్లాబు నుంచి గొట్టం వేలాడదు.

అయితే లెక్క చూసుకోవాలి. హాలు పొడవు 14 అడుగులు, అంటే 427 సెంటీమీటర్లు అనుకుందాం. యంత్రం లోతు, వెనక తీగలకు వదిలే ఖాళీ కలిపి 40 పోతే లెన్సు నుంచి తెరకు 387 మిగులుతుంది. 100 అంగుళాల తెరకు 387ను 221తో భాగిస్తే 1.75 వస్తుంది. మీ యంత్రం త్రో రేషియో 1.2 దగ్గర స్థిరంగా ఉంటే అదే దూరం నుంచి దాదాపు 145 అంగుళాల బొమ్మ పడుతుంది. ఏ గోడా సరిపోదు. కాబట్టి ఈ చోటుకు జూమ్ పరిధిలో 1.75 ఉన్న యంత్రమే కావాలి.

ఇంకొక మెలిక ఉంది. బల్ల మీద పెట్టే చాలా యంత్రాలు బొమ్మను లెన్సు ఎత్తు నుంచి పైకి వేస్తాయి. ఏడడుగుల ఎత్తున అర మీద మామూలుగా పెడితే బొమ్మ సీలింగు మీద పడుతుంది. అలాంటి యంత్రాన్ని అర కింది వైపుకు తలకిందులుగా బిగించి, మెనూలో బొమ్మను తిప్పుకోవాలి. లేదా నిలువు లెన్స్ షిఫ్ట్ (యంత్రాన్ని వంచకుండా లెన్సును మాత్రమే జరిపి బొమ్మను పైకీ కిందికీ తెచ్చే వీలు) బాగా ఉన్న యంత్రం ఎంచుకోవాలి.

3.2 స్లాబు నుంచి వేలాడదీయడం

ఇక్కడ గొట్టం పొడవే అందాన్ని నిర్ణయిస్తుంది. తెర కింది అంచు 80 సెంటీమీటర్ల దగ్గర ఉంటే 100 అంగుళాల తెర పై అంచు 205 దగ్గరికి వస్తుంది. లెన్స్ షిఫ్ట్ లేని యంత్రాల్లో లెన్సు, తెర పై అంచుకు కొద్దిగా మాత్రమే పైన ఉండాలి, ఉదాహరణకు బొమ్మ ఎత్తులో పదో వంతు. అంటే లెన్సు 217 దగ్గర ఉండాలి. స్లాబు పదడుగులు, అంటే 305 అయితే యంత్రం దాదాపు 88 సెంటీమీటర్ల కిందికి, గది నడుమ తల మీద దీపస్తంభంలా వేలాడుతుంది. బొమ్మ మధ్య నుంచి, బొమ్మ ఎత్తులో 96 శాతం వరకు నిలువు షిఫ్ట్ ఉన్న యంత్రమైతే లెన్సును 262 దాకా ఎత్తవచ్చు, వేలాడే పొడవు 43 సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఖరీదు ఎక్కువైనా, ఈ అమరిక కోరుకునేవారు డబ్బు పెట్టవలసింది ఇక్కడే.

జిప్సం ఫాల్స్ సీలింగు ప్రొజెక్టరు బరువును మోయదు. దాని మీదుగా రంధ్రం చేసి, గొట్టాన్ని పైనున్న అసలు స్లాబుకే యాంకర్ ఫాస్టెనర్లతో (కాంక్రీటులో బిగుసుకునే బోల్టులతో) బిగించాలి. గొట్టానికి సీలింగు రంగే వేయించండి.

3.3 తెర కిందే, టీవీ యూనిట్ మీద

అల్ట్రా షార్ట్ త్రో యంత్రాలు గోడకు జానెడు, మూరెడు దూరంలో కూర్చునే బొమ్మ వేస్తాయి. తీగల బెడద తక్కువ, ఫ్యాను అడ్డే ఉండదు. అద్దె ఇంటివారికి ఇదే నయం.

చిక్కల్లా యూనిట్ లోతుతోనే వస్తుంది. 35 సెంటీమీటర్ల లోతున్న యంత్రం, దాని వెనక 24 సెంటీమీటర్ల ఖాళీ కలిపితే 59 అవుతుంది. మన వడ్రంగులు చేసే టీవీ యూనిట్లు చాలావరకు 40 – 45 సెంటీమీటర్ల లోతే ఉంటాయి. యంత్రం ముందుకు పొడుచుకువచ్చి పడిపోయేలా ఉంటే ఏ అలంకరణా దాన్ని కాపాడలేదు. కొత్త యూనిట్ చేయిస్తే రెండడుగుల లోతు చెప్పండి. యూనిట్ కదలకుండా గోడకు బిగించాలి, ఎందుకంటే యంత్రం మిల్లీమీటరు జరిగినా బొమ్మ అంచు తెర దాటిపోతుంది. లెన్సు పిల్లల అందుబాటులో ఉంటుంది కాబట్టి దానిలోకి చూడవద్దని ముందే నేర్పండి.

4. ఇప్పుడు యంత్రాన్ని ఎంచుకోండి

చోటు తేలాక రూపం ఎంచుకోవడం తేలిక.

సీలింగు దగ్గర ఉండేదానికి తెల్లని, మెరుపులేని పెట్టె. ముదురు చెక్క అరలో ఉండేదానికి బూడిదరంగు లేదా నలుపు. నిగనిగలాడే నల్లని పెట్టెలు దుకాణంలో ఆకట్టుకుంటాయి, ఇంట్లో మాత్రం మన వేలిముద్రలనూ దుమ్మునూ చూపిస్తాయి, పైగా తెర వెలుగును తిప్పి కొడతాయి. ముందు వైపు నీలి దీపాలు మెరిసే యంత్రమైతే వాటిని మెనూలో ఆర్పే వీలుందో లేదో చూడండి. చీకట్లో ఆ చిన్న చుక్క చాలా ఇబ్బంది పెడుతుంది.

బల్ల మీద చిన్న వస్తువులా ఉండేవి మరో తరహా. సామ్‌సంగ్ 2022లో తెచ్చిన ఫ్రీస్టైల్ 830 గ్రాముల స్తంభాకారపు యంత్రం. దాని స్టాండు మీదే కిందికీ పైకీ వంగుతుంది. ఇలాంటివి చూడముచ్చటగా ఉండి, పడకగదికి సరిపోతాయి. హాల్లో దీపాలు వెలుగుతుండగా చూడాలనుకునేవారు మాత్రం ఇంత చిన్న పెట్టెల నుంచి అంత వెలుగు ఆశించకూడదు.

వెలుగు లెక్క ఇలా వేసుకోండి. తెర మీద కనబడే వెలుగును నిట్లలో, యంత్రం వెదజల్లే వెలుగును లూమెన్లలో కొలుస్తారు. సినిమా హాలు తెరకు ప్రమాణం 48 నిట్లు. 100 అంగుళాల మామూలు తెల్ల తెర మీద, పూర్తి చీకట్లో, అంత వెలుగు రావడానికి దాదాపు 420 లూమెన్లు చాలు. రంగులు సహజంగా ఉండే సినిమా మోడ్‌లో యంత్రం వెలుగు బాగా పడిపోతుంది కాబట్టి చీకటి గదికైనా దానికి రెట్టింపు ఉన్నది తీసుకోవాలి. సాయంత్రం రెండు దీపాలు వెలుగుతుండగా చూసే హాలుకు 2000 అయినా కావాలి. ఆన్సీ లేదా ఐఎస్ఓ (ఇవి వెలుగును కొలిచే ప్రామాణిక పద్ధతులు) అన్న మాట పక్కన లేని లూమెన్ల అంకెను లెక్కలోకి తీసుకోవద్దు.

కొనేముందు:
☐ త్రో రేషియో మీ గది లెక్కకు సరిపోయిందా
☐ వేడిగాలి ఏ వైపు వస్తుంది, ఆ వైపు ఖాళీ ఉందా
☐ యంత్రం లోపలి ఫ్యాన్ చప్పుడు 30 డెసిబెల్స్ లోపు ఉందా (వెనక అర మీద పెడితే అది తల మీదే ఉంటుంది)
☐ తీగలు వెనక గుచ్చుకుంటాయా, పక్కనా. పక్కన ఉంటే దాచడం కష్టం
☐ తలకిందులుగా బిగించే మర రంధ్రాలు ఉన్నాయా

5. తీగలకు దారి

అందమైన అమరికను ఒక్క వేలాడే నల్ల తీగ పాడుచేస్తుంది. గోడకు గాడి కొట్టి పైపు వేయించే అవకాశం ఉంటే రంగుల కన్నా ముందే చేయించాలి.

బొమ్మనూ శబ్దాన్నీ మోసే హెచ్‌డీఎంఐ తీగ ప్లగ్గు తల సుమారు రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. కరెంటు పనివారు అలవాటుగా వేసే సన్నపు పైపులో అది దూరదు; కనీసం 32 మిల్లీమీటర్ల పైపు అడగండి, మూలల్లో గట్టి ఎల్బోలకు బదులు విశాలమైన వంపులు పెట్టించండి. నాలుగున్నర అంగుళాల గోడలో అంత లోతు గాడి అడ్డంగా కొట్టించవద్దు, పిల్లర్లను బీములను అసలు ముట్టుకోనివ్వవద్దు; అలాంటిచోట ఫాల్స్ సీలింగు పైనుంచి గానీ చెక్క ప్యానెల్ వెనక నుంచి గానీ తీసుకెళ్లాలి. కరెంటు తీగ, హెచ్‌డీఎంఐ వేర్వేరు పైపుల్లో ఉండాలి. తీగ లాగేశాక కూడా ఒక నైలాన్ దారాన్ని పైపులో వదిలేయండి, రేపు తీగ మార్చవలసి వస్తే అదే దిక్కు.

పదిమీటర్ల దూరానికి 4కే బొమ్మ పంపాలంటే మామూలు రాగి తీగ నమ్మదగినది కాదు, సంకేతాన్ని కాంతి రూపంలో పంపే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోండి. దానికి రెండు కొసలూ ఒకటి కావు: ఒకటి సెట్‌టాప్ బాక్సు వైపు, మరొకటి ప్రొజెక్టరు వైపు అని రాసి ఉంటుంది. పైపులోకి లాగేముందు నేల మీద పరిచి, రెండు వైపులా గుచ్చి, బొమ్మ వచ్చిందని చూశాకే లాగించండి.

అద్దె ఇంట్లో అయితే పీవీసీ కేసింగ్ పట్టీని ద్వారబంధం అంచు వెంట, గోడమూల వెంట తీసుకెళ్లి గోడ రంగే వేయండి. గోడ నడుమ నుంచి అడ్డదారిన వెళ్లే పట్టీ ఎంత సన్ననిదైనా కంటికి తగులుతుంది.

6. తెర, గోడ, నేల

తెరకు ఎదురుగా, పక్కన, పైన ఉన్నవన్నీ బొమ్మలో పాల్గొంటాయి. తెల్లని సీలింగు తెర వెలుగును పట్టుకుని మళ్లీ తెర మీదికే వంపుతుంది, నలుపు బూడిదరంగవుతుంది. గది అంతా చీకటి గుహలా చేయనక్కరలేదు. తెర గోడకూ, దాని ముందు నాలుగైదు అడుగుల సీలింగుకూ మెరుపులేని మ్యాట్ ఎమల్షన్‌లో మధ్యస్థ బూడిదరంగు వేస్తే చాలు. నీలం, ఆకుపచ్చ వద్దు, వాటి ఛాయ బొమ్మలోకి దిగుతుంది.

నేల సంగతి మన ఇళ్లలో ముఖ్యం. అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్స్ మీద తెర మొత్తం తలకిందులుగా కనబడుతుంది. తెరకూ సోఫాకూ మధ్య ముదురు రంగు వరంగల్ జంపఖానా ఒకటి పరిస్తే ఆ ప్రతిబింబం పోతుంది, మాటల ప్రతిధ్వని కూడా తగ్గుతుంది. నిగనిగలాడే లామినేట్ వేసిన టీవీ యూనిట్, తెర పక్కన గాజు ఫ్రేములు ఉంటే వాటినీ మార్చండి.

తెర విషయంలో, గోడ స్థలం ఉన్నవారికి బిగుతుగా సాగదీసిన ఫ్రేము తెరను మించినది లేదు. దాని నల్లని మఖ్మల్ అంచు ఆరి ఉన్నప్పుడు కూడా చిత్రపటం చట్రంలా హుందాగా ఉంటుంది. చుట్టుకుపోయే తెర కావాలంటే పక్కలకు లాగిపట్టే తాళ్లున్న ట్యాబ్ టెన్షన్ రకం తీసుకోండి. అల్ట్రా షార్ట్ త్రోకు ఇది తప్పనిసరి, ఎందుకంటే కింది నుంచి వాలుగా వచ్చే కాంతి గుడ్డలోని ప్రతి చిన్న ముడతనూ అలగా మార్చి చూపిస్తుంది.

7. దీపాలు, పరదాలు

తెర గోడ మీద పడే దీపం ఒక్కటీ ఉండకూడదు. ఫాల్స్ సీలింగులో చుట్టూ దాచిన ఎల్‌ఈడీ పట్టీలో తెర వైపు భాగానికి విడి స్విచ్ పెట్టించండి. సోఫా వెనక, పక్కన 2700 – 3000 కెల్విన్ల పసుపు వెలుగు, డిమ్మరుతో ఉంటే చాలు. దేవుడి గది తెరకు ఎదురుగా ఉంటే దాని దీపం వెలుగు నేరుగా తెర మీద పడకుండా తలుపుకు జాలీ గానీ పరదా గానీ ఉంచండి.

కిటికీ పరదాలకు వెనక బ్లాకౌట్ గుడ్డ వేయించి, కడ్డీని కిటికీ అంచు దాటి రెండు వైపులా 15 సెంటీమీటర్లు పొడిగించండి. పగటి వెలుగు దూరేది ఆ పక్కసందుల్లోంచే.

8. బిగించే వరుస

1. రంధ్రం చేయకముందే ప్రొజెక్టరును నిచ్చెన మీదో, ఎత్తైన బల్ల మీదో అనుకున్న చోట నిలిపి బొమ్మ వేసి చూడండి. నాలుగు మూలలూ పెన్సిలుతో గుర్తించండి.
2. గోడ మీద తెర నడిమి గీతను, సీలింగు మీద లెన్సు నడిమి గీతను ఒకే సరళరేఖలోకి తెండి. లెన్సు చాలా యంత్రాల్లో పెట్టె మధ్యలో ఉండదు, పెట్టె మధ్యను కొలిస్తే బొమ్మ పక్కకు పోతుంది.
3. ముందు యంత్రాన్ని బిగించండి, తెరను ఆ తర్వాత. తెరను ఒక అంగుళం జరపడం సులువు, స్లాబులో రంధ్రం జరపడం సాధ్యం కాదు.
4. రసమట్టంతో యంత్రం అడ్డంగా, ముందువెనకలుగా సమంగా ఉందని చూడండి. కీస్టోన్ సవరణ (వంకర పడ్డ బొమ్మను మెనూలో సరిచేసే అమరిక) సున్నా దగ్గర ఉండాలి.
5. అరగంట వెలగనిచ్చి, వేడెక్కాకే చివరి ఫోకస్ చేయండి. చల్లగా ఉన్నప్పుడు చేసిన ఫోకస్ తర్వాత కొద్దిగా జరుగుతుంది.
6. బొమ్మ నల్ల అంచు లోపలికి రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కేలా జూమ్ పెట్టండి, అంచు కత్తితో కోసినట్టు కనబడుతుంది.
7. మోడ్ సినిమా లేదా ఫిల్మ్‌కు మార్చండి. దుకాణం మోడ్‌లో మనుషుల ముఖాలు ఆకుపచ్చగా ఉంటాయి.

9. తరచూ జరిగే తప్పులు, వాటి సవరణ

మూసిన గూట్లో యంత్రం: ఇది నేనే చేశాను. మా హాల్లో ప్రొజెక్టరు కనబడకూడదని గాజు తలుపున్న చెక్క గూడు చేయించి అందులో పెట్టాను. మొదటిరోజు ఇరవై నిమిషాలకే యంత్రం లోపలి ఫ్యాను హోరెత్తి, బొమ్మ ఆరిపోయి, తలుపు తీయగానే పొయ్యి ముందు నిలబడ్డట్టు వేడి ముఖానికి కొట్టింది. గాజు తీయించి, వెనక పలకలో చెయ్యిపట్టేంత కంత కోయించి, వేడిగాలి వచ్చే వైపు 30 సెంటీమీటర్లు వదిలాక ఆ బాధ తీరింది. దాచడం కన్నా గాలి ఆడడం ముఖ్యం; కనబడకూడదంటే ముందు సన్నని చెక్క పట్టీల జాలీ పెట్టి, లెన్సుకు ఎదురుగా, గాలి దారికి ఎదురుగా ఖాళీ వదలాలి.

బొమ్మ ఒక వైపు వెడల్పు, ఒక వైపు సన్నం: కీస్టోన్‌తో సరిచేస్తే బొమ్మ సూటిగా మారుతుంది కానీ కొన్ని పిక్సెళ్లు వృథా అయి అక్షరాలు మసకబారతాయి, తెర చుట్టూ బూడిదరంగు వెలుగు పట్టీ మిగులుతుంది. యంత్రాన్నే జరపండి.

బొమ్మ సన్నగా వణకడం: ఫ్యాను కదలిక స్లాబు గుండా గొట్టానికి అందుతోంది. ఫ్యాను రెక్కలను సమతూకం చేయించి, యంత్రం పలకకూ గొట్టానికీ మధ్య రబ్బరు వాషర్లు వేయండి. చుట్టే తెరైతే ఫ్యాను గాలికి గుడ్డ ఊగుతోందేమో కూడా చూడండి.

మాట ఒకచోట, పెదవి కదలిక ఒకచోట: సౌండ్‌బార్‌ను బ్లూటూత్‌తో కలిపితే ఇలా అవుతుంది. శబ్దాన్ని తీగ ద్వారా ఇవ్వండి, అదీ కుదరకపోతే మెనూలో ఆలస్యాన్ని సరిచేయండి. స్పీకరు మాత్రం తెర కిందే ఉండాలి.

దుమ్ము, బల్లులు, తేమ: వెచ్చగా ఉండే పెట్టె దగ్గరికి పురుగులు, వాటి వెంట బల్లులు చేరతాయి. ఆపాక పూర్తిగా చల్లారనిచ్చి, పలుచని నూలుగుడ్డ కప్పండి. వేడి మీద కప్పవద్దు. ఫిల్టరు జాలీ ఉన్న యంత్రమైతే నెలకొకసారి మెత్తని కుంచెతో దులపండి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరాల్లో ఉండేవారు వానాకాలంలో వాడకపోయినా వారానికి ఒకసారి గంటసేపు వెలిగించండి, లోపలి తేమ ఆరుతుంది. లెన్సును చీర కొంగుతోనో చొక్కా అంచుతోనో తుడవకండి; ముందు గాలిబుడ్డితో దుమ్ము ఊది, కళ్లద్దాలు తుడిచే మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తేలిగ్గా తుడవాలి.